కుక్కరక్క కుర్చీ

ఏ దేశపు విమానాశ్రయంలోనైనా సరే, ఆమె సంచి విప్పించకుండా వదిలిపెట్టిన అధికారి ఇంతవరకు పుట్టలేదు. తెర మీద గుండ్రంగా, నల్లగా, మూతి బిగించుకుని కనిపించే ఆ వస్తువును చూడగానే వాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి. ఒకరు వెళ్ళి ఇద్దరిని పిలుచుకొస్తారు, ఆ ఇద్దరూ ఇంకెవరినో పిలుస్తారు. ఆమె మాత్రం నిదానంగా సంచి జిప్పు లాగి, చుట్టిన పాతచీర విప్పి, కుక్కరును బల్ల మీద పెడుతుంది. ఆ మూత అందరి చేతికీ రాదు. పిడి వదులైంది కనక ఎడమ బొటనవేలితో అంచును నొక్కిపట్టి, కుడిచేత్తో కాస్త పైకెత్తినట్టు చేసి తిప్పాలి. టక్కున ఊడుతుంది. లోపల పోపుల డబ్బా, ఉప్పు పొట్లం, రెండు గరిటెలు చూసి అధికారులు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుతారు. ఆమె నవ్వదు. మళ్ళీ చీర చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు సంచి ఎత్తుకుని ముందుకు నడుస్తుంది.

ఒకసారి సామాన్లలో వేస్తే పిడి విరిగి వచ్చింది. అప్పట్నించీ చంక దించడం లేదు. అది చూసి ఏదో యాత్రలో ఎవరో సరదాకి కుక్కరక్క అన్నారు. ఇక అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు.

యాత్రల కంపెనీవాళ్ళు జనాన్ని పరదేశాలు తిప్పుతారు. ఎక్కడికెళ్ళినా రెండుపూటలా ఇంటి భోజనం పెడతామని గొప్పగా చెప్పుకుంటారు. ఆ గొప్పంతా ఈమె చేతుల్లో ఉంది. ఈసారి పాతికమంది. ఎక్కువమంది పదవీ విరమణ చేసినవాళ్ళు, వాళ్ళ భార్యలు. హోటలు నేలమాళిగలో వంటగది. హోటలు వంటవాళ్ళు పొద్దుటి పని ముగించి మధ్యాహ్నం పనికి దిగేలోగా మూలనున్న పొయ్యి ఒకటి ఈమెకు వదులుతారు. ఆ సందులోనే అన్నం, పప్పు, కూర, పచ్చడి అన్నీ అయిపోవాలి. అక్కడి పెద్ద వంటాయనకు ఈమె భాష రాదు, ఈమెకు ఆయన భాష రాదు. పోపు వేసే ముందు ఈమె చెయ్యెత్తి చూపిస్తుంది, ఆయన వెళ్ళి పొగ లాగే పంకా వేస్తాడు. వాళ్ళ స్నేహం అంతవరకే, అయినా గట్టిది.

పైన భోజనాల గదిలో అందరికీ వడ్డించి, మారు వడ్డించి, ఇంకెవరికన్నా పెరుగు కావాలా అని బల్లల చుట్టూ తిరిగి వచ్చాక, గిన్నెలు తోమి, పొయ్యి తుడిచి, అప్పుడు కుక్కరు అడుగున అంటుకున్న అన్నం గీకి, గట్టుకు ఆనుకుని నిలబడే తింటుంది. అప్పటికి అది చల్లగా, పిడచ కట్టి ఉంటుంది. వేడన్నం ఎలా ఉంటుందో ఆమె నాలుక మరిచిపోయి చాలా కాలమైంది. దాని గురించి ఆమె బాధపడేది కాదు. వంట చేసేవాళ్ళ తిండి ఎక్కడైనా అంతే అనుకునేది. ఈ యాత్ర దాకా.

మేనేజరు చురుకైనవాడు, ముప్పై దాటినవాడు. ఎప్పుడూ మెడలో ఈల, చేతిలో చిన్న జెండా. ఈ యాత్రలో రెండు రాత్రులు ప్రత్యేకమని బయల్దేరిన రోజునుంచీ ఊరిస్తున్నాడు. ఒకటి నదిలో పడవ మీద విందు, రెండోది చివరి రాత్రి, ఊళ్ళోకెల్లా ఎత్తయిన మేడ మీద విందు. నిజానికి ఆ రెండు రాత్రులూ కుక్కరక్కకు సెలవు కావాలి. కానీ మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా. దీపాల పడవెక్కుతారు, పళ్ళెం ముందు పెట్టుకుని ఫోటోలు దిగుతారు, అందులో ఉన్నదాన్ని ఫోర్కుతో అటు పొడిచి ఇటు పొడిచి వదిలేస్తారు. తిరిగి బస్సెక్కగానే, "కుక్కరక్కా, కాస్త పెరుగన్నం ఉందా?" అంటారు.

అందుకని పడవ రాత్రి కూడా ఆమె వండింది. డబ్బాలు సర్ది, కుక్కరును దుప్పట్లో చుట్టి, రేవు దగ్గర ఆపిన బస్సులో కూర్చుంది. మీసాల డ్రైవరు ముందు సీటులో గురక పెడుతున్నాడు. కిటికీలోంచి చూస్తుండగానే పడవ కదిలింది. అద్దాల వెనక పసుపుపచ్చ వెలుగు, అందులో మనుషులు కుర్చీలు సర్దుకుంటున్నారు. యాత్రికుల్లో ఒకరైన మాష్టారి బట్టతల, పక్కన ఆయన భార్య మాష్టారమ్మ ఆకుపచ్చ చీర కూడా ఆమెకు కనిపించాయి. పడవ వంతెన కిందుగా వెళ్ళి మాయమైంది. ఆమె దుప్పటి మీద చెయ్యి వేసి, కుక్కరు ఇంకా వెచ్చగా ఉందో లేదో చూసుకుంది.

తిరిగొచ్చాక బస్సంతా డబ్బాల మూతల చప్పుడు. మాష్టారు ఒకప్పుడు హెడ్మాస్టరు, ఇప్పటికీ బస్సునిండా ఆయన గొంతే వినిపిస్తుంది. "అమ్మాయ్, నీ చేతి అన్నం లేకపోతే ఈ దేశంలో మేం బతికి బట్టకట్టేవాళ్ళమా?" అని అందరూ వినేలా అన్నాడు. మాష్టారమ్మ ఆయన డబ్బాలో పచ్చడి కలిపి, ముద్ద మెత్తగా ఉందో లేదో వేలితో చూసి ఆయన చేతికిచ్చింది. ఆయన సగం తిన్నాకగానీ తన డబ్బా మూత తియ్యలేదు. కుక్కరక్క సీట్ల మధ్య నడుస్తూ వడ్డిస్తూ, అందరి మాటలూ చెవిలో వేసుకుంది. చేప తలకాయతో సహా వచ్చిందట. గుడ్డను పక్షిలాగా మడిచి గ్లాసులో నిలబెట్టారట. పాట పాడినామె ప్రతి బల్ల దగ్గరికీ వచ్చి తలవంచి పలకరించిందట. ఒక్కటీ జారిపోకుండా పట్టుకుంది. వాటితో ఆమెకు పనుంది.

పనేమిటంటే, కూతురు. చీరల కొట్లో పనిచేస్తుంది. కొట్టు తలుపులు తీసేలోగా తల్లికి ఫోను చేసి, రాత్రి ఏం తిన్నావని అడగడం అలవాటు. మొట్టమొదటి యాత్రలో ఆ ప్రశ్న వినగానే, గట్టుకానుకుని గీకిన అన్నం తిన్నానని చెప్పడానికి నోరు రాలేదు. ఎవరో చెప్పుకుంటుంటే విన్న భోజనాన్ని తనదిగా చెప్పేసింది. పిల్ల ఎంత సంబరపడిందో. అప్పట్నించీ ప్రతి దేశంలోనూ కుక్కరక్క మేడల మీదా, తోటల్లోనూ, సముద్రపు ఒడ్డునా భోంచేస్తూనే ఉంది. యాత్రికుల ఫోన్లలోంచి అడిగి తీసుకున్న ఫోటోలు కూడా పంపుతూనే ఉంది. కూతురు ఆ భోజనాలన్నీ కొట్లో చీరలు మడతపెడుతూ తోటివాళ్ళకు చెప్పుకుంటుందట.

ఆ పొద్దున కూడా నేలమాళిగ మెట్ల మీద కూర్చుని చేప తలకాయ దగ్గర మొదలుపెట్టి, పాట పాడినామె దాకా వచ్చింది. అవతల కూతురు మధ్యలో ఎప్పటిలా ఊఁ కొట్టడం లేదు.

"పడవ ఊగిందా అమ్మా?" అని అడిగింది.

కుక్కరక్కకు తెలీదు. కొంచెం ఊగిందని చెప్పింది.

"నువ్వు పంపే ఫోటోల్లో బల్ల ఉంటుంది, దీపాలుంటాయి, ఎవరెవరో ఉంటారు. నువ్వెందుకుండవమ్మా?"

"తీసేది నేనే కదే."

"అయితే ఈసారి ఫోను ఇంకెవరి చేతికన్నా ఇవ్వు. నువ్వు కూర్చుని తింటున్నది ఒక్కటి పంపు. ఇంకేం అడగను."

ఆ గొంతులో నిలదీత లేదు, అలకా లేదు. నిలదీసినా బాగుండేది. ఫోను పెట్టేశాక కుక్కరక్కకు చెవులు వేడెక్కాయి. పిల్లకు తెలుసు. ఎప్పట్నించి తెలుసో, తెలిసీ ఎన్ని భోజనాలకు సంబరపడిందో. ముందు సిగ్గేసింది. బియ్యం కడగడానికి లేచి కుళాయి విప్పాక ఆ సిగ్గు కాస్తా కోపమైంది. కడుగు నీళ్ళు మామూలు కంటే విసురుగా పారబోసింది. తాను అబద్ధం ఆడింది నిజమే. మరి ఆ అబద్ధం నిజం కావడానికి ఎంత కావాలి? ఒక కుర్చీ. పాతికమంది కూర్చునే చోట ఇంకొక్క కుర్చీ.

మధ్యాహ్నం వడ్డన అయ్యాక మేనేజరు ఒంటరిగా దొరికాడు. చివరి రాత్రి మేడ మీదికి తానూ వస్తానని అడిగింది. అడగడం అదే మొదటిసారి కాబట్టి గరిటెను కొంగుతో తుడుస్తూ, గరిటెకే చెబుతున్నట్టు అడిగింది. అతను కసురుకోలేదు, నవ్వాడు.

"నీకెందుకక్కా అదంతా? అక్కడ నువ్వు తినేదేముంటుంది?"

పక్క బల్ల దగ్గర పెరుగన్నం ముగిస్తున్న మాష్టారు కూడా నవ్వాడు. ఆవిడకు అవన్నీ పడవు పాపం అని మాష్టారమ్మ జాలిపడింది. ఆ జాలి కుక్కరక్కకు మేనేజరు నవ్వు కంటే ఎక్కువ గుచ్చుకుంది. వీళ్ళకు ఏవి పడుతున్నాయో తనకు తెలీదా? రోజూ డబ్బాలు కడుగుతున్నది తనే కదా. పొగడ్తకు ఈ బస్సులో కొదవ లేదు, కుర్చీకే వచ్చింది కొదవ.

అలాంటిది మర్నాడు, అంటే చివరి రోజు, మేనేజరే నేలమాళిగకు దిగివచ్చాడు. "అక్కా, రాత్రికి నువ్వూ రా పైకి. నీకూ కుర్చీ వేయించాను" అన్నాడు. ఎందుకు మనసు మారిందని ఆమె అడగలేదు. అడిగితే మారిన మనసు మళ్ళీ మారుతుందేమోనని భయం. ఎప్పటిలాగే డబ్బాలు మాత్రం సర్దమన్నాడు. సరేనంది. ఆ సంతోషంలో అన్నం వండినట్టూ, పచ్చడి నూరినట్టూ తెలియనే లేదు. పెద్ద వంటాయనకు చెయ్యెత్తి చూపించడం మర్చిపోయి పోపు వేసేసరికి, ఆయన దగ్గుకుంటూ పంకా దగ్గరికి పరిగెత్తాడు. ఆమె పైన అని వేలు చూపించి, తినడం అని చెయ్యి నోటిదగ్గర పెట్టి, తన గుండె మీద తట్టుకుని చెప్పింది. ఆయన అర్థం చేసుకున్నాడో లేదో గానీ చప్పట్లు కొట్టాడు.

సాయంత్రం తలంటుకుంది. పెట్టె అడుగున ఎప్పుడూ మడత విప్పని చీర ఉంది, ఎరుపంచు నీలం చీర, కూతురు కొట్లోంచి తెచ్చింది. అది కట్టుకుని, పైన శాలువా కప్పుకుని, చేతిసంచిలో ఫోను, దువ్వెన, చేతిరుమాలు వేసుకుని బస్సు దగ్గరికి అందరికంటే ముందు వచ్చి నిలబడింది. ఎక్కేవాళ్ళు ఒక్కొక్కరూ చూసి, అబ్బో కుక్కరక్కేనా అన్నారు. ఆమెకు ముచ్చటేసింది. పెళ్ళివారింటికి వెళ్తున్నంత హుషారుగా ఉంది.

అందరూ ఎక్కాక మేనేజరు కొత్త గుడ్డసంచి ఒకటి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. బరువుగా ఉంది. తాను మధ్యాహ్నం సర్దిన డబ్బాలే.

"గుమ్మం దగ్గర సంచులు చూస్తారక్కా. బయటి తిండి తెస్తే లోపలికి రానివ్వరు. పోయినసారి ఇంకో కంపెనీవాళ్ళని మెట్ల మీంచే తిప్పి పంపారు. ఇది నువ్వు శాలువా కింద పెట్టుకో. లోపలికెళ్ళాక బల్ల కిందనుంచి ఒక్కొక్కటీ అందిద్దువుగాని."

"చూస్తే?"

"చూస్తే నేను లేనా? మా వంటమనిషి, దానికి తెలీదు, అలవాటుకొద్దీ తెచ్చేసుకుందని చెప్తాను. నిన్నేమంటారు?"

ముందు సీట్లోంచి మాష్టారు వెనక్కి తిరిగాడు. "నువ్వయితే పరవాలేదమ్మాయ్. మేం దొరికితే పరువు పోతుంది" అన్నాడు. ఎంతో సౌమ్యంగా, లెక్క విప్పి చెబుతున్నట్టుగా అన్నాడు.

బస్సు కదిలింది. ఎవరో పాట ఎత్తుకున్నారు, మిగిలినవాళ్ళు చప్పట్లు కలిపారు. కుక్కరక్క ఒళ్ళో సంచితో కిటికీలోకి చూస్తూ కూర్చుంది. దీపాలు వెనక్కి పోతున్నాయి. డబ్బాల అడుగునుంచి వెచ్చదనం తొడలకు తగులుతోంది. అయితే కుర్చీ వేయించింది ఆమెకు కాదన్నమాట, ఈ సంచికి. సంచి తనంతట తాను నడిచి రాలేదు కనక ఆమె. తలంటి పోసుకున్నందుకు, చీర మడత విప్పినందుకు, పెద్ద వంటాయన ముందు గుండె తట్టుకున్నందుకు ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పరువు ఎవరెవరికుంటుందో, ఎవరికి ఉండదో, మాష్టారు ఎంత తేలిగ్గా తేల్చేశాడు. దిగిపోయి హోటలుకు వెళ్ళిపోదామా అనిపించింది. వెళ్ళిపోతే మళ్ళీ గట్టు, మళ్ళీ పిడచకట్టిన అన్నం, పొద్దున్నే మళ్ళీ ఫోను. వెళ్ళకూడదు. వెళ్ళకపోగా, కూర్చుని తీరాలి.

మేడ ముందు బస్సాగింది. అందరూ దిగారు. ఆమె ఆఖరున లేచి, డ్రైవరు దగ్గర ఆగి, సంచి అతని ఒళ్ళో పెట్టింది. అతను అయోమయంగా చూశాడు. ఆమె ఒక మూత తీసి చూపించి, చెయ్యి నోటిదగ్గర పెట్టి, తిను అన్నట్టు తల ఊపింది. అతను వాసన చూశాడు. మీసాల కింద పళ్ళన్నీ కనిపించాయి. ఆమె శాలువా నిండుగా కప్పుకుని దిగింది.

గుమ్మం దగ్గర నల్లకోటు వేసుకున్న కాపలామనిషి, ఒక ఆవిడ, అందరి సంచుల్లోకీ తొంగిచూసి మర్యాదగా లోపలికి పంపుతోంది. మేనేజరు ముందుకు పోయి, వెనకనున్న కుక్కరక్క ఎవరో తెలియనట్టు గోడ మీది బొమ్మ చూస్తున్నాడు. మాష్టారు చెమట తుడుచుకున్నాడు. ఆమె వంతు వచ్చింది. చేతిసంచి విప్పి చూపించింది. అక్కడితో ఆగలేదు. ఆవిడ అడక్కుండానే శాలువా రెండు కొసలూ పట్టుకుని బార్లా తెరిచింది. అప్పటికే లోపలికి వెళ్ళి బిలబిలలాడుతున్న జనం ఒక్కసారిగా ఇటు తిరిగారు. శాలువా కింద ఎరుపంచు నీలం చీర తప్ప ఏమీ లేదు. కాపలా ఆవిడ ఆ చీరను మెచ్చుకోలుగా చూసి, చెయ్యి చాపి లోపలికి దారి చూపించింది.

"అమ్మో అక్కా, ఎక్కడ దాచావు?" అని మేనేజరు లిఫ్టులో ఆమె చెవిలో అన్నాడు. అతని కళ్ళలో మొదటిసారి ఆమె పట్ల గౌరవం కనిపించింది. ఆమె పైకి మారుతున్న అంకెల్ని చూస్తూ ఉండిపోయింది.

మేడ మీద ఆకాశమంత గాలి. అద్దపు పిట్టగోడ అవతల ఊరంతా దీపాలు. పొడుగాటి బల్ల, తెల్లటి గుడ్డ, ఒక్కో చోట ఒక్కో కుర్చీ. ఆమెకు మాష్టారికీ మాష్టారమ్మకూ మధ్య చోటిచ్చారు, అందించడానికి అనువుగా. ఆమె దగ్గరికి వెళ్ళిందో లేదో, తెల్లచొక్కా వడ్డన మనిషి ఒకడు వెనకనుంచి వచ్చి ఆ కుర్చీని పట్టుకుని వెనక్కి లాగాడు. కుక్కరక్క ఊరుకోలేదు. రెండు చేతులతో కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

"ఇది నాదే" అంది అతనితో, తెలుగులోనే. "నాకు వేయించిందే."

అతను బిత్తరపోయి వదిలేశాడు. తర్వాత విషయం తట్టి, నవ్వు దాచుకుని, పక్కనున్న మాష్టారమ్మ కుర్చీని అలాగే వెనక్కి లాగి, ఆవిడ కూర్చోగానే ముందుకు జరిపి చూపించాడు. కుక్కరక్క పట్టు వదిలింది. అతను మళ్ళీ లాగాడు, ఆమె కూర్చుంది, మోకాళ్ళ వెనక మెత్తగా తగిలేలా కుర్చీ ముందుకొచ్చింది. తన కూర్చోవడం కోసం ఇంకొక మనిషి ఒళ్ళు వంచడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలికి అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

మొదట సూపు వచ్చింది. పొగలు కక్కుతోంది. అలవాటు లేదు కదా, ఆమె చెంచా నిండా తీసుకుని ఒక్కసారే నోట్లో పోసుకుంది. నాలుక భగ్గుమంది. ఉమ్మడానికి లేదు, మింగడానికి లేదు. ఎలాగో మింగి, నోరు తెరిచి గాలి పీల్చుకుంది. తర్వాతి చెంచాను ఊదుకుంది. ఊదుకుని తాగడంలో ఇంత సుఖముందని ఆమె ఎప్పుడో మర్చిపోయింది.

అంతలో బల్లగుడ్డ కింద మోకాలికి ఏదో తగిలింది. వంగి చూస్తే మాష్టారి చెయ్యి. వెల్లకిలా తెరిచి, వేళ్ళు ఆడిస్తూ అడుగుతోంది. పైన ఆయన మొహం మాత్రం దీపాల వైపు తిరిగి, ఊరి అందం చూసి మురిసిపోతున్నట్టు ఉంది. కుక్కరక్క ఆ చేతిని ఒక క్షణం చూసింది. తన పళ్ళెం పక్కనున్న అదనపు చెంచా తీసి ఆ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

ఆయన చెయ్యి పైకి తీసుకుని చూసుకున్నాడు. "ఇదేమిటమ్మాయ్?"

"చెంచా అండీ. సూపు చల్లారిపోతోంది."

ఎదురుగా ఉన్న మేనేజరు ముందుకు వంగాడు. డబ్బాలేవని పళ్ళ బిగువున అడిగాడు. డ్రైవరు తింటున్నాడని చెప్పింది, గొంతు తగ్గించకుండా. బల్ల ఆ చివరినుంచి ఈ చివరిదాకా చెంచాలు ఆగిపోయాయి. మాష్టారు చెంచాను బల్ల మీద పెట్టి, ఇదేం అన్యాయం అన్నట్టు అందరివైపూ చూశాడు. మేనేజరు మొహం ఎర్రబడింది. ఇన్నేళ్ళ నమ్మకం, పాతికమంది కడుపులు, కంపెనీ పేరు అంటూ చాలా చెప్పాడు. ఆమె ఊదుకుంటూ సూపు తాగుతూనే వింది. చివరికి అసలు మాట అన్నాడు.

"వచ్చే యాత్రకి వేరే మనిషిని చూసుకుంటాం."

ఇన్నాళ్ళూ అతన్ని మేనేజరు బాబూ, మీరూ అనే పిలిచేది. ఈసారి ఆ పిలుపు రాలేదు.

"చూసుకో. ఆవిడకు కుర్చీ కూడా చూడు. సంచికి కాదు, ఆవిడకి."

 ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. అప్పుడే వడ్డన మనుషులు వరసగా పెద్ద పళ్ళేలు తీసుకొచ్చారు. అక్కడి పద్ధతేమో, మగవాళ్ళందరినీ దాటుకుంటూ వెళ్ళి ముందు ఆడవాళ్ళ ముందు పెట్టారు. కుక్కరక్క ముందు ఒకటి, మాష్టారమ్మ ముందు ఒకటి. మాష్టారి ముందు తెల్లటి బల్లగుడ్డ ఖాళీగా ఉంది. మాష్టారమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. కలిపి ఇవ్వడానికి ఏమీ లేదు, మెత్తగా ఉందో లేదో చూడడానికి ముద్ద లేదు. పళ్ళెంలోంచి ఆవిరి ఆవిడ కళ్ళద్దాలకు పట్టి మసకబారింది. ఆవిడ భర్త వంక చూసింది. ఆయన వడ్డన మనిషి వంక చూస్తున్నాడు.

"ఎలా ఉంది?" అని మాష్టారమ్మ కుక్కరక్కను మెల్లిగా అడిగింది.

కుక్కరక్క నోట్లో ఉన్నది నిదానంగా నమిలి మింగింది. "ఉప్పు తక్కువే అమ్మగారూ. కానీ కూర్చుని తింటే బాగుంది."

మాష్టారమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "చల్లారిపోతుందండీ, నేను తింటున్నాను" అని భర్తకు చెప్పింది. అడగలేదు, చెప్పింది. చెప్పి ముక్క కోసుకుని నోట్లో పెట్టుకుంది. ఆవిడను చూసి పక్కావిడ, ఆవిడను చూసి ఇంకొకావిడ. కాసేపటికి మగవాళ్ళ పళ్ళేలూ వచ్చాయి. దిగడానికి బస్సు దూరం, ఆకలేమో దగ్గర. మాష్టారు కాసేపు బింకంగా కూర్చుని, చివరికి ఆ చెంచానే అందుకున్నాడు.

కుక్కరక్క చేతిసంచిలోంచి ఫోను తీసింది. మేనేజరు చూపు తిప్పుకున్నాడు. మాష్టారమ్మ చెయ్యి చాపింది. ఆవిడ ఎప్పుడూ ఫోటో తీసిన మనిషి కాదు, ఆ పనంతా మాష్టారిదే. ఎక్కడ నొక్కాలో చూపించుకుని, ఫోను రెండు చేతులతో పళ్ళెంలా పట్టుకుంది.

"నవ్వవేం కుక్కరక్కా?"

"ఉండండి, కాలుతోంది" అంది కుక్కరక్క, నోటినిండా వేడి పెట్టుకుని. ఆ మాట మధ్యలోనే ఫోటో పడింది.

తిరిగి బస్సెక్కేసరికి పక్క బస్సుల డ్రైవర్లకు కూడా పంచాడేమో, సీటు మీద డబ్బాలన్నీ ఖాళీగా, కడిగి, ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్నాయి. మీసాల డ్రైవరు లేచి నిలబడి, కుక్కరక్కకు గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగాడు. ఆ రాత్రి బస్సులో ఎవరూ పెరుగన్నం అడగలేదు. పాటలూ లేవు.

పొద్దున్నే కూతురు ఫోను చేసింది. కొట్టు ఇంకా తెరవలేదు. ఫోటో చూసిందో లేదో చెప్పకుండా ఎప్పటిలాగే, రాత్రి ఏం తిన్నావమ్మా అని అడిగింది.

"పేరు తెలీదే. ఏదో మాంసం ముక్క, పక్కన కూరగాయలు. ఉప్పు లేదు." అని ఆగింది. "వేడిగా ఉందే. నాలుక కాలింది. ఇప్పటికీ మంటగానే ఉంది."

అవతల కూతురు ముక్కు ఎగపీల్చింది. 

"ఇన్ని దేశాలు తిరిగావు, ఒక్కసారి కూడా నాలుక కాలిందని చెప్పలేదమ్మా నువ్వు."

"చెప్పలేదు" అంది కుక్కరక్క. ఇంకేమీ కలపలేదు. పని పోయిందని మాత్రం చెప్పింది. కూతురు కంగారుపడబోతే, వండేవాళ్ళు అక్కర్లేని కంపెనీ ఇంకా పుట్టలేదని, ఈసారి కుర్చీ సంగతి ముందే మాట్లాడుకుని చేరతానని అంది. ఫోటోలో మూలన ఉన్న ఆ లావాటి వేలు ఎవరిదని కూతురు అడిగింది. అది మాష్టారమ్మ వేలు అని చెబుతుంటే ఇద్దరికీ నవ్వాగలేదు.

హోటలు వదిలే ముందు కుక్కరక్క నేలమాళిగకు దిగి పెద్ద వంటాయన దగ్గర సెలవు తీసుకుంది. పైకొచ్చి, చుట్టి ఉన్న పాతచీర విప్పి తీసుకుని, కుక్కరును మేనేజరు చేతుల్లో పెట్టింది. ఇది కంపెనీ సొత్తు అంది. అతను తీసుకున్నాడు, కోపంగానే. విమానానికి టైమవుతోందని హడావిడిగా తన సంచిలో కుక్కి జిప్పు లాగాడు.

విమానాశ్రయంలో తనిఖీ దగ్గర ఆమె చేతిసంచి బల్ల మీద జారుకుంటూ అవతలికి వచ్చేసింది. ఎవరూ ఆపలేదు. చేతులు ఎటు పెట్టుకోవాలో తెలియనంత తేలికగా ఉంది ఆమెకు. వెనక మాత్రం గోల మొదలైంది. తెర ముందున్న అధికారి ఒకరిని పిలిచాడు. అతను ఇద్దరిని పిలిచాడు. మేనేజరు కుక్కరు బయటికి తీశాడు. మూత తిప్పాడు. రాలేదు. మోకాళ్ళ మధ్య పెట్టుకుని తిప్పాడు. అధికారులు ఒక అడుగు వెనక్కి వేశారు. మెడలోని ఈల మూతకు తట్టుకుని టింగుమంటోంది. మాష్టారు దూరంగా జరిగి, ఆ గుంపు తనది కానట్టు నిలబడ్డాడు. మాష్టారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదులుతున్నాయి.

"అక్కా!" అని మేనేజరు గీత అవతలినుంచి కేకేశాడు. "వీళ్ళు వదలట్లేదు. ఇదెలా వస్తుందో కాస్త చెప్పు."

అందరూ ఆమె వైపు తిరిగారు. అధికారులు కూడా. కుక్కరక్క కాలిన నాలుకను పళ్ళకు ఆనించి చూసుకుంది. ఇంకా మంటగానే ఉంది.

"నేను వంటమనిషిని బాబూ" అంది. "నాకు తెలీదు."

అని, అక్కడ వరసగా వేసి ఉన్న కుర్చీల్లో ఖాళీది ఒకటి చూసుకుని కూర్చుంది.